నీళ్ల కింద వంటగది

ఆ విమానాన్ని అందరూ ముసలి కొంగ అనేవారు. పొడుగు ముక్కు, నాలుగు పంకాలు, తోక చివర బల్లెంలా వెనక్కి పొడుచుకొచ్చిన కడ్డీ. సముద్రం మీద గంటల తరబడి తిరుగుతూ నీళ్ల కింద దాక్కున్న జలాంతర్గాములను కనిపెట్టడం దాని పని. ఒకసారి లేచిందంటే పది గంటలదాకా నేల మొహం చూసేది కాదు. ఎప్పుడూ తొందరపడేది కూడా కాదు. కొత్తగా వచ్చిన జెట్ విమానాల పైలట్లు దాని నడక చూసి నవ్వుకునేవారు గానీ, దాని కడుపులో కూర్చుని పనిచేసే పదకొండుమందీ దాన్ని ఎవరైనా ఒక్క మాట తేలిగ్గా అంటే ఊరుకునేవారు కాదు. ప్రతిసారీ దిగగానే దాని ఒంటికి పట్టిన ఉప్పును మంచినీళ్లతో కడిగించి, అప్పుడు గానీ ఇళ్లకు వెళ్లేవారు కాదు.

ఆ పదకొండుమందిలో ఒకామెను చెవులపిల్లి అని పిలిచేవారు. అసలు పేరు వేరే ఉంది కానీ విమానంలో దాన్ని వాడినవాళ్లు లేరు. మనిషి చిన్నది, చెవులు కాస్త పెద్దవి, పైగా పాము చెవులు. పక్కింట్లో చీమ చిటుక్కుమన్నా ఆమెకు వినపడుతుందని చెప్పుకునేవారు.

వినడమే ఆమె ఉద్యోగం. విమానం అడుగునుంచి సముద్రంలోకి మనిషి చెయ్యంత పొడుగు గొట్టాలు జారవిడుస్తారు. ఒక్కో గొట్టం చిన్న గొడుగు విప్పుకుని దిగి, నీళ్లు తగలగానే రెండుగా విడిపోతుంది. పైముక్క తేలుతూ ఉంటే, కిందిముక్క ఒక మైకుతో సహా తీగ చివర వేలాడుతూ లోతుకు దిగుతుంది. ఆ మైకు విన్నదంతా రేడియో ద్వారా పైకి వస్తుంది. తెర మీద చుక్కలుగా గీతలుగా పడుతుంది, హెడ్‌ఫోన్లలో చప్పుడుగా వినిపిస్తుంది. ఓడ ఇంజనుది ఒక గీత. తిమింగలానిది ఒక వంకర. వాన పడుతుంటే ఇసక జల్లినట్టుంటుంది. బ్యాటరీల మీద నడిచే జలాంతర్గామికి మాత్రం దాదాపు ఏమీ ఉండదు. ఆ ఏమీ లేనిదాంట్లోంచే ఏదో ఒకటి ఏరుకోవాలి.

ఆమెకు ఆ విద్య నేర్పిన పెద్దాయన పక్క సీట్లోనే కూర్చునేవాడు. ఇరవైరెండేళ్లుగా కొంగలోనే ఉన్నాడు. పైలటు కూడా ఆయన్ను మాస్టారూ అనే పిలిచేవాడు. తెరనైతే అందరూ చూస్తారు, నువ్వు కళ్లు మూసుకుని విను అని మొదటిరోజే ఆమెకు చెప్పాడు.

చెవులపిల్లి భర్త జలాంతర్గామిలో వంటాయన.

ఈ మాట విన్నవాళ్లు ముందు నవ్వేవారు, తర్వాత నిజమేనా అని అడిగేవారు. నిజమే. ఊరికి ఒక చివర రేవు, ఇంకో చివర విమానాల మైదానం. వీళ్లిద్దరూ కలుసుకున్నది రెండింటికీ మధ్యనున్న ఆసుపత్రిలో, చెవుల పరీక్ష దగ్గర. ఏడాదికోసారి ఇద్దరికీ తప్పని పరీక్ష అది. బయటి చప్పుడు చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి సన్నటి కూతలు వినిపిస్తారు, వినపడ్డప్పుడల్లా మీట నొక్కాలి. ఆ రోజు లోపలికి వెళ్లిన మనిషి ఒక్కసారి కూడా మీట నొక్కలేదు. పాపం చెవులు బొత్తిగా పోయాయేమోనని నర్సు కంగారుపడి తలుపు తీస్తే, ఆయన మీట చేతిలో పట్టుకుని హాయిగా నిద్రపోతున్నాడు. నలభై రోజులు యాభైమంది గురకల మధ్య పడుకుని ఆ పొద్దున్నే ఒడ్డుకు వచ్చాడట. అంత నిశ్శబ్దం దొరికేసరికి ఆగలేకపోయాడట. తర్వాతి వంతుకోసం బయట కూర్చున్న చెవులపిల్లికి నవ్వు ఆగలేదు. మర్నాడు ఆయన క్షమాపణగా ఒక రొట్టె చేసి తెచ్చి సగం నర్సుకు, సగం ఆమెకు ఇచ్చాడు. రొట్టె బాగుందని ఆమె అంది. ఏడాది తిరక్కుండా పెళ్లయింది.

ఇప్పటికి ఎనిమిదేళ్లు. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. అతనూ, ఆమే, అతని తల్లీ. అత్తగారు ముప్పైయేళ్లు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం వదిలింది గానీ గొంతు వదల్లేదు. నిండు బస్సులో ముందుకు జరగండి అని అరిచిన గొంతుతోనే ఇంట్లో మంచినీళ్లు అడిగేది. కోడలు తన కొడుకును నువ్వు అనడం మొదట్లో ఆవిడ చెవికి గుచ్చుకునేది. తర్వాత్తర్వాత, వాడే ఏమీ అనుకోనప్పుడు మధ్యలో నాకెందుకని ఊరుకుంది.

ఆ ఇంట్లో ఒకటే కట్టుబాటు. పని మాట గడప లోపలికి రాకూడదు. అతని ఉద్యోగం దాక్కునేది, ఆమెది వెతికేది. ఒకరి సంగతి ఒకరికి తెలియకపోవడమే రెండింటికీ మంచిది. రేపట్నుంచి కొన్నాళ్లు ఉండను అని అతను చెబితే ఎన్నాళ్లు, ఎటు అని ఆమె అడిగేది కాదు. ఆ తర్వాత ఇక ఉత్తరం ఉండదు, ఫోను ఉండదు. ఆ రోజుల్లో అత్తగారు కంచం ముందు కూర్చుని కెలికి లేచిపోయేది. అడిగితే పంటినొప్పి అనేది. కొడుకు ఇంటికి వచ్చిన పూట ఆ పంటినొప్పి మాయమయ్యేది.

అతను ఇంట్లో ఉంటే పొద్దున రొట్టె చెయ్యడం అతని వంతు. పిండిని బల్లకేసి కొట్టడంలో అతనిదొక తీరు. చిన్నప్పుడు సైకిలు మీంచి పడి ఎడమ మణికట్టు విరిగింది, ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా వంగదు. అందుకని కుడిచేత్తో ముద్దను రెండుసార్లు గబగబా కొట్టి, తిప్పి మడిచి, మూడో దెబ్బ మాత్రం ఒళ్లంతా బల్ల మీదకు వంచి వేసేవాడు. ధబ్, ధబ్. కాస్త ఆగి, ధబ్బు. మంచం మీద పడుకుని ఆ చప్పుడు వింటూ మెల్లగా కళ్లు తెరిస్తేనే చెవులపిల్లికి సెలవురోజులా అనిపించేది.

ఆ ఏడు విన్యాసాలు మొదలయ్యాయి. ఏటా జరిగేవే. ఎనిమిది రోజులపాటు జలాంతర్గామి దాక్కోవాలి, కొంగ వెతకాలి. వంటాయన పనిచేసే జలాంతర్గామిని మూడేళ్లుగా ఎవరూ పట్టలేకపోయారు. దాని కమాండర్‌కు ఆ సంగతి మీద చెప్పలేనంత గర్వం. నీళ్లలోంచి పెరిస్కోపు పైకెత్తి, తన నెత్తి మీదుగా పోతున్న కొంగను అడుగునుంచి ఫొటో తీసి, చక్కగా ఫ్రేము కట్టించి విమానం వాళ్లకు పంపేవాడు. అలాంటివి మూడు, వాళ్లు టీ తాగే గదిలో గోడకు వేలాడుతున్నాయి. వాటిని తీసేద్దామని ఎవరో అంటే మాస్టారు ఒప్పుకోలేదు, రోజూ చూస్తుంటేనే మంచిదన్నాడు.

మూడోరోజు పొద్దున ఆరింటికి కొంగ లేచింది. పదిన్నరకల్లా ముప్పై గొట్టాలు సముద్రంలో పడ్డాయి. ఒక సరుకుల ఓడ, రెండు చేపల పడవలు, దూరాన ఎక్కడో వాన. అంతకుమించి లేదు. వెతుకులాటను నడిపించే వ్యూహాధికారి, ఇక్కడ లాభంలేదు, తూర్పుకు పోదామన్నాడు. విమానం తిరుగుతుండగా చెవులపిల్లి చెయ్యెత్తింది.

పదకొండో గొట్టంలో ఏదో ఉందని చెప్పింది. మాస్టారు తన హెడ్‌ఫోన్లను ఆ గొట్టానికి కలుపుకుని కళ్లు మూసుకున్నాడు. ఆయనకేమీ వినపడలేదు. తెర మీద మాత్రం వేలిముద్రల్లాంటి మచ్చలు, రెండు దగ్గరగా, ఒకటి ఎడంగా. చేపల పడవ మీద ఎవరో మేకు కొడుతున్నట్టున్నారన్నాడు.

"మేకు కాదు మాస్టారూ."

"మరి?"

ఆమె రెండు చేతులతో హెడ్‌ఫోన్లను చెవులకు నొక్కి పట్టుకుంది. చాలా దూరంలో, చాలా లోతులో, నీళ్ల బరువు కింద నలిగిపోయి వస్తున్న చప్పుడు. ధబ్, ధబ్. కాస్త ఆగి, ధబ్బు. మళ్లీ అదే. మూడు సెకన్లు గడిచాయి. ఆ మూడు సెకన్లలో ఆమె ఏమనుకుందో అప్పుడెవరికీ తెలియదు. ముఖం మాత్రం చిత్రంగా మారిందని మాస్టారు తర్వాత చెప్పాడు.

"రొట్టె పిండి," అంది.

వ్యూహాధికారి సరిగ్గా వినపడలేదనుకుని మళ్లీ చెప్పమన్నాడు. ఈసారి మాస్టారే చెప్పాడు, పదకొండో గొట్టం దగ్గర జలాంతర్గామి ఉంది, వంటగదిలో పిండి పిసుకుతున్న చప్పుడు అని. నమ్మకం ఎంత అని అటునుంచి ప్రశ్న. నూటికి నూరుపాళ్లు అంది చెవులపిల్లి. ఎలా తెలుసని మాస్టారు అడగలేదు. ఆమె పెళ్లికి ఆయనే పెద్దగా నిలబడ్డాడు.

పైలటు మారు మాట్లాడకుండా కొంగను వెనక్కి తిప్పి కిందికి దించాడు. కెరటాల మీది నురగ కిటికీల్లోంచి కనిపించేంత కిందికి. పదకొండో గొట్టం చుట్టూ ఇంకో ఆరు గొట్టాలు వేశారు. రెండు చప్పుడు పట్టుకున్నాయి. తోకలోని కడ్డీ నీళ్ల కింద పెద్ద ఇనుము ఉంటే కనిపెడుతుంది. ఆ చోటు మీదుగా వెళ్లగానే దాని ముల్లు ఎగిరిపడింది. దాడి చేశామని గుర్తుగా చిన్న టపాకాయలాంటిదాన్ని నీళ్లలోకి విడిచారు. అది పేలేదాకా చెవులపిల్లి ఆ చప్పుడునే వింటూ ఉంది. ధబ్, ధబ్ అని రెండు దెబ్బలు పడ్డాయి. మూడోది పడలేదు.

కాసేపటికి నీళ్లలోంచి ఒక పచ్చని పొగ లేచింది. దొరికిపోయామని జలాంతర్గామి ఒప్పుకోవడమన్నమాట. మూడేళ్ల తర్వాత మొదటిసారి. కొంగలో కేకలు, వీపులు చరుచుకోవడాలు. వ్యూహాధికారి తన సీటు వదిలి వచ్చి చెవులపిల్లి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఆమె నవ్వింది. నవ్వుతూనే, ఆ పిండి ఇప్పుడేమవుతుందో అంది. ఎవరికీ అర్థంకాలేదు.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చుని, రెండోసారి అన్నం పెట్టించుకుంది. అత్తగారు గరిటె చేత్తో పట్టుకునే ఆమె ముఖంలోకి కాస్త ఎక్కువసేపు చూసింది. తర్వాత తన కంచంలోనూ వడ్డించుకుని, కొడుకు వెళ్లాక మొదటిసారి కడుపునిండా తిన్నది.

ఎనిమిదోరోజు వంటాయన ఇంటికి వచ్చాడు. ఒడ్డుకు వచ్చినవాడు ఎప్పుడూ ముందు స్నానం చేసి పన్నెండుగంటలు నిద్రపోయేవాడు. ఈసారి స్నానంలోంచే తిట్లు మొదలుపెట్టాడు. ఇంట్లో పని మాట ఎత్తకూడదన్న కట్టుబాటును ఎనిమిదేళ్లలో మొదటిసారి తనే తప్పాడు. ఎవడో అజాగ్రత్త మనిషివల్ల మూడేళ్ల పేరు నీళ్లపాలయిందట. ఎవరివల్లో ఎవరికీ తెలియదు గానీ, తన అనుమానం మాత్రం మోటారు మెకానిక్ మీదేనట. వాడి స్పానర్లు ఎప్పుడూ కింద పడుతూనే ఉంటాయట. తనైతే వాడికి మిగిలిన అయిదు రోజులూ రొట్టె చివరి ముక్కలే వడ్డించాడట, అవీ మాడినవి.

చెవులపిల్లి తల తుడుచుకునే తువ్వాలు అందించి ఊరుకుంది. విన్యాసాల ఫలితాలు సభ జరిగేదాకా ఎవరూ ఎవరికీ చెప్పకూడదని గట్టి ఆజ్ఞ. సభ రెండు రోజుల్లో ఉంది. ఆ రెండు రోజులూ ఆమెకు ముళ్ల మీద కూర్చున్నట్టే గడిచాయి. మోటారు మెకానిక్ పేరు వచ్చినప్పుడల్లా ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయేది. మర్నాడు పొద్దున వంటగదిలోంచి ధబ్, ధబ్ అని వినపడగానే మంచం మీంచి లేచి వెళ్లి బాల్కనీలో నిలబడింది. చలిగా ఉంది, లోపలికి రా అని అతను పిలిస్తే, గాలి బాగుంది అని చెప్పింది.

సభ రేవు దగ్గరున్న పెద్ద హాల్లో జరిగింది. ఒకవైపు జలాంతర్గామి వాళ్లు, ఒకవైపు విమానం వాళ్లు. వంటాయన వెనక గోడ దగ్గర టీ కప్పులు సర్దుతున్నాడు. ఎవరికీ దొరకని మమ్మల్ని ఎలా పట్టారో వినడానికి కాచుకుని ఉన్నామని కమాండర్ మర్యాదగానే అన్నాడు. మోటారు మెకానిక్ తలవంచుకుని కూర్చున్నాడు. పాపం, అయిదు రోజుల్లో అతనికీ తనే తప్పుచేశానేమోనన్న అనుమానం పట్టుకుంది.

వ్యూహాధికారి రికార్డింగు పెట్టాడు. పెద్ద స్పీకర్లలోంచి సముద్రపు హోరు హాలంతా నిండింది. అందులోంచి మెల్లగా తేలింది. ధబ్, ధబ్. కాస్త ఆగి, ధబ్బు.

వెనకాల ఎక్కడో ఒక కప్పు సాసరుకు తగిలి చప్పుడయింది.

అదేమిటని కమాండర్ అడిగాడు. చెవులపిల్లి లేచి నిలబడింది.

"రొట్టె పిండి సార్. వంటగదిలో బల్లకేసి కొడుతున్నారు."

"పిండేనని అంత కచ్చితంగా ఎలా చెప్పగలిగారు?"

"ఎనిమిదేళ్లుగా వింటున్నాను సార్."

"ఎక్కడ?"

"మా ఇంట్లో."

హాల్లో ముందు ఎవరికీ అర్థంకాలేదు. తర్వాత జలాంతర్గామి వాళ్లలో ఒకడు వెనక్కి తిరిగాడు. ఇంకొకడు తిరిగాడు. చూస్తుండగా రెండువందల తలలూ టీ బల్లవైపు తిరిగాయి. మోటారు మెకానిక్ నవ్వు అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా వినపడింది. ఆ వెంట హాలంతా. వంటాయనకు తల కొట్టేసినట్టయింది. చేతిలో చెంచా పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

కమాండర్ ఒక్కడే నవ్వలేదు. పిండి పిసకడానికి ఆ పూట అనుమతి అడిగావా అని వంటాయనను అడిగాడు. అడిగానన్నాడు. డ్యూటీలో ఉన్న అధికారి లేచి, అనుమతి ఇచ్చింది తనేనని ఒప్పుకున్నాడు. వంటగది బల్లకు కింద నాలుగు రబ్బరు కాళ్లు ఉంటాయి, చప్పుడు జలాంతర్గామి ఒంటికి తగలకుండా అవే ఆపుతాయి, అందుకనే ఆ పనికి ఎప్పుడూ అభ్యంతరం ఉండదు. ఆ కాళ్లను చూసి రమ్మని కమాండర్ మోటారు మెకానిక్‌ను పంపాడు. అతను పరుగులాంటి నడకతో వెళ్లి అరగంటలో ఒక రబ్బరు ముక్కతో తిరిగి వచ్చాడు. మూడు కాళ్లు బాగానే ఉన్నాయి. పిండి డబ్బా వెనకాల, ఎవరికీ చెయ్యి అందని మూలనున్న నాలుగోది ఎండి, చిట్లి, ముక్కలైపోయింది. బల్ల ఆ మూల నేరుగా ఇనుము మీదే ఆని ఉంది.

కమాండర్ ఆ నల్లటి ముక్కను చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు. విన్యాసాలు కాబట్టి పచ్చ పొగతో సరిపోయిందనీ, అసలైన రోజున అయితే ఇది యాభైమందిని తీసుకుపోయేదనీ నెమ్మదిగా అన్నాడు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. ఆయన చెవులపిల్లివైపు తిరిగి తలవంచి నమస్కారంలాంటిది చేసి కూర్చున్నాడు.

ఇంటిదాకా ఇద్దరూ నడిచే వచ్చారు. తలుపు తీసిన అత్తగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, కిక్కిరిసిన బస్సులో నిలబడి వచ్చినవాళ్లలా ఉన్నారేమిటని అడిగింది. వాళ్లు నేరుగా వంటగదిలోకి నడిచేసరికి తన గదిలోకి వెళ్లి కూర్చుంది, తలుపు మాత్రం వెయ్యలేదు.

వంటగదిలో అతను కూరగాయల కత్తి తీసి, తరగడానికి ఏమీ లేక, మళ్లీ పెట్టేశాడు.

"రెండు రోజులు నా ఎదుటే తిరిగావు. నేను ఆ మెకానిక్కును తిడుతుంటే విన్నావు. ఒక్క మాట అనలేకపోయావా?"

"అనకూడదు కదా."

"తెలుసులే."

అతని కోపం కట్టెల పొయ్యిలాంటిది కాదు, గ్యాసు పొయ్యి. మీట తిప్పగానే ఆరిపోతుంది. ఇప్పుడూ ఆరిపోయినట్టే ఉంది గానీ ఇంకేదో మిగిలింది. రెండువందలమంది నవ్వడం కంటే అది ఎక్కువగా బాధపెడుతున్నట్టుంది.

"నేనని తెలిసిపోయింది కదా నీకు. వెంటనే చెప్పేశావా?"

"మూడు సెకన్లు ఆగాను."

"ఆ మూడు సెకన్లూ ఏమనుకున్నావు? చెప్పనా వద్దా అనా?"

"కాదు," అంది చెవులపిల్లి. "నువ్వు బాగానే ఉన్నావనుకున్నాను."

అతను తలెత్తి చూశాడు. ఆమె గోడకానుకుని, చేతులు చూసుకుంటూ, ఎక్కడా ఆగకుండా చెప్పేసింది. నువ్వు వెళ్లావంటే నాకు నువ్వు లేనట్టే. జ్వరమొచ్చినా తెలియదు, చెయ్యి కాలినా తెలియదు. ఎనిమిదేళ్లుగా అంతే. ఆ రోజు ఉన్నట్టుండి చెవిలో నువ్వు. రెండు దెబ్బలు, ఆగి ఒకటి. మణికట్టు నొప్పిగా లేదని తెలిసింది, ఎందుకంటే నొప్పి ఉంటే మూడోది ఇంకా ఆలస్యంగా వేస్తావు. బాగా నిద్రపోయి లేచావని తెలిసింది. ఇంకో నిమిషం వినాలనిపించింది, వినకుండా చెప్పేశాను. ఆమె కళ్లు అప్పుడు గానీ తడవలేదు.

అతను ఏదో అనబోయాడు. ఈలోగా పక్కగదిలోంచి బస్సు కండక్టరు గొంతు వినిపించింది.

"అందుకేనా అమ్మాయ్, ఆ రోజు రెండోసారి అన్నం పెట్టించుకున్నావు? నేనప్పుడే అనుకున్నా, వీడి కబురేదో తెలిసిందని."

తెలిసినా చెప్పకూడదు అత్తయ్యా అని కోడలు అంటే, చెప్పకపోతేనేం, నీ ముఖం చెప్పిందని ఆవిడ అక్కణ్నుంచే అంది. వంటాయన నవ్వడం మొదలుపెట్టాడు. ఎనిమిది రోజులుగా బిగబట్టుకున్న నవ్వులా వచ్చింది అది. మర్నాడు పొద్దున్నే లేచి, రొట్టెలు చేసి, అందులో బాగా కాలిన మంచి రొట్టెను గుడ్డలో చుట్టుకుని మోటారు మెకానిక్ ఇంటికి వెళ్లి వచ్చాడు. అతను తలుపు దగ్గర చాలాసేపు వాసన చూసి, మాడలేదని నిర్ధారించుకుని తీసుకున్నాడట.

బల్లకు కొత్త కాళ్లు వేశారు. మిగతా జలాంతర్గాముల్లోనూ వంటగది బల్లలన్నీ వెతికితే ఇంకో రెండింటిలో అలాంటి కాళ్లే బయటపడ్డాయి. ఇక కమాండర్, మా వంటాయనను మీరే పట్టుకున్నారు కాబట్టి ఒకరోజు మీరే ఉంచుకోండి, కనీసం ఒక పూట మంచి భోజనం చేస్తారు అని కొంగ పైలటుకు ఉత్తరం రాశాడు. పైలటు దాన్ని అక్షరాలా తీసుకుని అన్ని అనుమతులూ తెప్పించాడు. అలా మూడు వారాల తర్వాత ఒక పొద్దున వంటాయన జీవితంలో మొదటిసారి ముసలి కొంగ ఎక్కాడు.

ఎక్కగానే అతను చూసింది వెనకనున్న వంట చోటు. ఒక చిన్న పొయ్యి, ఒక సింకు, రెండు అరలు. నాకున్నదానికంటే చిన్నదే అన్నాడు సంతోషంగా. విమానం ఊగినా, గాలిలో జారినా అతనికేమీ కాలేదు. ఊగే చోట వండడం అలవాటే. పదకొండుమందికీ గుడ్లు వేసి, రొట్టె కాల్చి ఇచ్చాడు. అంత వేడి తిండి గాలిలో ఎప్పుడూ తినలేదని వ్యూహాధికారి మూడోసారి వడ్డించుకున్నాడు. అంతలో కిటికీలోంచి చూసిన వంటాయన ముఖం పాలిపోయింది. ఒక పంకా నెమ్మదిగా ఆగిపోతోంది. పూర్తిగా ఆగింది. చుట్టూ చూస్తే అందరూ నిమ్మకు నీరెత్తినట్టు తింటున్నారు. మెల్లగా మాస్టారు దగ్గరికి వెళ్లి, ఎవరూ కంగారుపడకుండా చెవిలో చెప్పాడు, ఒక ఇంజను పోయింది అని. మేమే ఆపాం బాబూ, ఇంధనం కలిసొస్తుంది, మూడింటితో ఇది బాగానే ఎగురుతుంది అని మాస్టారు చెప్పి, ఆ గుడ్డు ఇంకొకటి ఉందా అని అడిగాడు.

మధ్యాహ్నం చెవులపిల్లి అతన్ని పక్క కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. ఆ కిటికీ అద్దం బుడగలా బయటికి ఉబ్బి ఉంటుంది. తల అందులో పెడితే కిందికి, ముందుకి, వెనక్కి అంతా కనపడుతుంది. అతను తల పెట్టాడు. మళ్లీ తియ్యలేదు.

పన్నెండేళ్లుగా అతను సముద్రంలోనే బతికాడు. దాని ఉప్పు తెలుసు, చలి తెలుసు, నెత్తి మీద దాని బరువు తెలుసు. రేవులోంచి కనిపించే నీళ్లు తెలుసు. సముద్రం అంటే ఇదని మాత్రం ఎప్పుడూ చూడలేదు. మబ్బుల నీడలు దాని మీద ఊళ్లకు ఊళ్లంత పెద్దవిగా పాకుతున్నాయి. ఒకచోట ఆకుపచ్చ, ఒకచోట సీసం రంగు. ఎటుచూసినా అంచు లేదు. చాలాసేపటికి తల తియ్యకుండానే అడిగాడు, మేం ఇందులో ఎక్కడుంటాం అని. ఇదిగో ఇలా అని ఆమె అద్దం మీద వేలు పెట్టి ఆ మూలనుంచి ఈ మూలదాకా గీసింది. అతను చెయ్యి వెనక్కి చాచాడు. ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకునే ముందు కాసేపు ఆ చెయ్యి పట్టుకుని కూర్చుంది. మాస్టారు తన తెరను ఎంతో శ్రద్ధగా చూసుకున్నాడు.

సాయంత్రం కొంగ దిగింది. నీళ్ల ధారల మధ్యనుంచి నెమ్మదిగా వెళ్లి ఒంటి ఉప్పు కడుక్కుంది. గేటు దగ్గర అత్తగారు ఎప్పుడొచ్చి నిలబడిందో, కాపలావాడికి ఏదో గట్టిగా చెబుతూ ఉంది. కొడుకును చూడగానే తల నుంచి కాళ్లదాకా ఒకసారి పరీక్షగా చూసుకుని, అంత ఎత్తునుంచి సముద్రం ఎలా ఉందిరా అని అడిగింది.

వంటాయన భార్యవైపు చూశాడు, ఆమె సాయం చెయ్యలేదు.

"చాలా ఉందమ్మా," అన్నాడు.